ఆయ్ అన్నారు కదండీ

మా స్టాఫ్‌రూములో నాకు సెలవుల మేడమ్ అని పేరు. జ్వరమొస్తే నేను బడికి వెళ్ళను. జలుబు గట్టిగా పట్టినా వెళ్ళను. పొద్దున్నే హెడ్మాస్టారు గారికి ఫోను చేసి, "ఒంట్లో బాలేదండీ, ఈవేళ రానండీ" అని చెప్పి, దుప్పటి కప్పుకుని పడుకుంటాను. ఇందులో సిగ్గుపడాల్సింది ఏముందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. కానీ మా కోనసీమ హైస్కూళ్ళలో నాలాంటివాళ్ళని కాస్త వింతగానే చూస్తారు. ఇక్కడ సెలవులు వాడుకోకపోవడం ఒక ఘనత. రిటైర్మెంటు సభలో శాలువా కప్పి, "వీరు సర్వీసంతా ఒంట్లో బాలేదని ఒక్క సెలవు పెట్టి ఎరగరు" అని మైకులో చెబితే చప్పట్లు మోగిపోతాయి. నాకు మాత్రం ఆ మాట విన్నప్పుడల్లా, ఈ పెద్దమనిషి ఇన్నేళ్ళలో ఎంతమంది పిల్లలకి దగ్గు అంటించారో అనిపిస్తుంది. ఒకసారి పైకే అనేశాను కూడా. అప్పటినుంచి సభల్లో నన్ను వెనక వరసలో కూర్చోబెడుతున్నారు.

మా బడి అమలాపురానికీ సముద్రానికీ మధ్య ఒక ఊళ్ళో ఉంది. నేను లెక్కలు చెబుతాను. స్టాఫ్‌రూములో నా పక్క కుర్చీ తెలుగు మాస్టారిది. ఆయన పద్యం ఎత్తుకుంటే బయట రోడ్డు మీద లారీలోకి కొబ్బరికాయలు ఎక్కిస్తున్నవాళ్ళు కూడా ఒక క్షణం చేతులాపేవారు. ఆదివారం చర్చిలో వాక్యం చదివేది ఆయనే. ఆయన చదువుతుంటే పసిపిల్లలు కూడా ఏడుపు మానతారని వాళ్ళ ఊళ్ళో చెప్పుకుంటారు. చేతిలో సుద్దముక్క లేకపోయినా, పుస్తకం లేకపోయినా ఆయనకి పాఠం సాగిపోయేది. ఆయన ఆస్తంతా గొంతులో ఉంది.

మా ఇద్దరికీ సెలవుల మీద ఎప్పుడూ వాదమే. నేను రెండురోజులు జ్వరానికి ఇంట్లో ఉండి వస్తే చాలు, మొదలెట్టేవారు.

"మేడమ్‌గారూ, జలుబుకి కూడా సెలవేంటండీ? జలుబు మనకేమన్నా కొత్తాండీ?"

"నాకు కొత్త కాదండీ. పిల్లలకి అంటిద్దామంటారా?"

"పిల్లలకి ఏదీ అంటదండీ. ఇన్నేళ్ళనుంచి పద్యాలు చెప్తున్నాను, అదే అంటలేదు."

స్టాఫ్‌రూమంతా నవ్వేది. నేనూ నవ్వేదాన్ని. ఆయనతో వాదించి గెలవడం నా వల్ల కాలేదు. ఎందుకంటే ఆయన వాదించరు, నవ్విస్తారు. పాఠం చెప్పే మనిషి మంచం మీద పడుకుంటే పిల్లలకి చదువు మీద గౌరవం పోతుందని ఆయనకి మనసులో గట్టి నమ్మకం. ఆ నమ్మకం మీద నాకు గౌరవం లేకపోయినా మనిషి మీద ఉంది.

మొన్న పరీక్షల ముందు ఒక వారమంతా ఆయన మొహం బాలేదు. ఒళ్ళు వెచ్చగా ఉందనేవారు, తలనొప్పి అనేవారు. పదో తరగతి పరీక్షలు దగ్గర పడ్డాయని సాయంత్రాలు కూడా ఉండిపోయి చెబుతున్నారు. బీపీ ఎప్పుడు చూపించుకున్నారని అడిగాను. "ఆదివారం చూపించుకుంటానండీ" అన్నారు. ఆదివారం ఏ డాక్టరు తలుపు తీసుకుని కూర్చుంటాడండీ అని నేను గొంతు చించుకున్నాను. ఆయన పెడచెవిన పెట్టి, పిల్లల పేపర్లు దిద్దుకున్నారు.

ఆ వారం చివర ఒక రోజు పొద్దున, ఆయన రోజూ వచ్చే షేరు ఆటోలోనే వచ్చారు. కాలు కొంచెం ఈడుస్తున్నారు. మోకాలు నొప్పి ఆయనకి పాతదే కాబట్టి ఎవరూ అడగలేదు. నేను వరండాలో ఎదురుపడి, "ఏంటండీ మాస్టారూ, తగ్గిందాండీ?" అన్నాను.

"ఆయ్" అన్నారు.

ఈ మాట గురించి బయటివాళ్ళకి కాస్త చెప్పాలి. మా గోదావరి వాళ్ళ నోట ఆయ్ అనే మాట దొర్లనిదే రోజు గడవదు. వేరే జిల్లాల వాళ్ళు మమ్మల్ని వెక్కిరించాలంటే ముందు ఆ మాటే అంటారు. దానికి అవునని అర్థమని వాళ్ళనుకుంటారు. అవును కూడా అవుతుంది, కానీ అంతే కాదు. వింటున్నానండీ అన్నా ఆయ్, తమరు చెప్పేరు కాబట్టి సరేనండీ అన్నా ఆయ్, ఇక వదిలెయ్యండి మహాప్రభో అన్నా ఆయే. కుదరదని మొహం మీద చెప్పలేనప్పుడు కూడా మేం ఆయ్ అనేసి, ఆ పని చెయ్యకుండా ఊరుకుంటాం. ఎదుటివాళ్ళ మాట మా చెవిన పడిందని ఇచ్చే రసీదు లాంటిది అది. అందులో మర్యాద ఉంటుంది. సమాచారం ఉండదు.

బడిలో అడుగు పెట్టగానే మేమంతా ఫోనులో మొహం చూపించి హాజరు వేసుకోవాలి. టైము దాటితే లేటు పడుతుంది. ఆ పొద్దున మాస్టారి మొహాన్ని ఫోను ఒప్పుకోలేదు. ముఖం సరిపోలలేదు అని చూపించింది. మళ్ళీ పెట్టారు. మళ్ళీ అదే. మా ఊళ్ళో సిగ్నలు సంగతి అందరికీ తెలుసు కాబట్టి ఇంగ్లీషు మాస్టారు ఆయన్ని వెలుతురు ఉన్న వైపుకి తిప్పి నిలబెట్టారు. ఫోను అద్దం చొక్కా అంచుతో తుడిచారు. హెడ్మాస్టారు గారు దగ్గరికొచ్చి చూసి, "మాస్టారూ, ఆ మూతి అలా పెట్టి నవ్వకండీ, మామూలుగా చూడండి, తీసుకుంటుంది" అన్నారు.

"ఆయ్" అన్నారు మాస్టారు.

ఆయన నవ్వడం లేదని ఇప్పుడు నాకు తెలుసు. మూతి ఒక పక్కకి జారిపోయింది. అది మా కళ్ళకి ఎకసెక్కపు నవ్వులా కనిపించింది, ఎందుకంటే ఆ మొహం మీద రోజూ అలాంటి నవ్వే ఉండేది. రోజూ చూసే మేం ఆయన్ని ఆయనే అనుకున్నాం. ఈయన ఆయన కాదు అని చెప్పింది ఆ ఫోనొక్కటే, దాన్ని మేం తుడిచి తుడిచి నోరు మూయించాం. చివరికి ఎలాగో ఒప్పుకుంది. హాజరు పడింది. హమ్మయ్య అనుకుని ప్రేయరుకి వెళ్ళాం.

ప్రేయరులో రోజూ ఒక పిల్లో పిల్లాడో పద్యం చదివితే మాస్టారు భావం చెబుతారు. ఆ రోజు హెడ్మాస్టారు గారు, "భావం చెప్తారాండీ?" అన్నారు. ఆయ్ అన్నారు, కానీ మైకు దగ్గరికి కదల్లేదు. పద్యం చదివిన అమ్మాయి కాసేపు చూసి తనే భావం కూడా చెప్పేసింది. పిల్లలచేతే చెప్పిస్తున్నారు, ఎంత మంచి పద్ధతి అని సోషల్ మేడమ్ నా చెవిలో అంది.

తరగతిలో ఏం జరిగిందో తర్వాత పిల్లలు చెప్పారు. కుర్చీలో కూర్చున్నారట. "మాస్టారండీ, పాత పాఠం చదువుకోమంటారాండీ?" అని అడిగితే ఆయ్ అన్నారట. వాళ్ళు చదువుకున్నారు. గోల చేస్తే కళ్ళెర్ర చేసే మనిషి ఏమీ అనకపోయేసరికి, ఒంట్లో బాలేదు పాపం అని వాళ్ళే గోల మానేశారట. అంత మంచి పిల్లలు ఇంకెక్కడా ఉండరు. ఆ మంచితనం వల్లే ఆ గదిలోంచి ఎవరూ పరుగెత్తుకుని బయటికి రాలేదు.

మధ్యాహ్నం భోజనానికి నా పక్క కుర్చీలో కూర్చున్నారు. క్యారేజీ ముందు పెట్టుకుని దాని వంకే చూస్తున్నారు. కుడి చెయ్యి ఒళ్ళో ఉంది. విప్పమంటారా అంటే ఆయ్ అన్నారు. విప్పాను. అన్నం, బెండకాయ వేపుడు, వేరే గిన్నెలో మజ్జిగ. ముట్టుకోలేదు. నాకు చిరాకొచ్చింది. ఒంట్లో బాలేకపోతే రావద్దని వారం రోజులుగా నెత్తీ నోరూ కొట్టుకుంటున్నాను. వచ్చి ఇలా తిండి మానేసి కూర్చుంటే ఎవరికి లాభం?

"తింటారాండీ, ఇంటికెళ్ళిపోతారాండీ?" అన్నాను.

"ఆయ్."

"అదికాదండీ. తింటారా?"

"ఆయ్."

"పోనీ ఇంటికెళ్తారా?"

"ఆయ్."

"అసలు మీకు బుద్ధుందా, లేదా మాస్టారూ?"

"ఆయ్" అన్నారు.

గదంతా గొల్లుమంది. "మేడమ్‌గారు తిట్టినా ఆయన ఆయేనండీ" అన్నారు ఇంగ్లీషు మాస్టారు. నాకూ నవ్వొచ్చింది. నవ్వుతూనే ఆయన వైపు తిరిగాను. ఆయన ఎడమ చేత్తో నా మణికట్టు పట్టుకున్నారు. ఇన్నేళ్ళ పరిచయంలో ఆయన నన్ను తాకి ఎరగరు. గట్టిగా పట్టుకుని, నా కళ్ళలోకి చూస్తూ, "ఆయ్" అన్నారు. అది పిలిచినట్టుంది. మళ్ళీ, "ఆయ్, ఆయ్" అన్నారు. అది బతిమాలినట్టుంది. ఆ తర్వాత అన్నది కోపంగా, పాఠం రాని పిల్లాడి మీద అరిచినట్టుంది. పద్యం చదివేటప్పుడు ఆయన గొంతులో ఎన్ని వంపులు ఉండేవో అన్నీ ఉన్నాయి. మాట మాత్రం అదొక్కటే.

నోట మాట రాలేదు అని రాయబోయి ఆగాను. ఆ మాట ఇక నేను వాడలేను. "మాస్టారూ, నా పేరు చెప్పండి" అన్నాను. ఆయ్ అన్నారు. ఆయన కళ్ళలోంచి నీళ్ళు కారాయి. గదిలో నవ్వు ఎప్పుడు ఆగిందో నాకు తెలియదు. పొద్దుటినుంచి ఆయన దగ్గర ఉన్నది ఆ ఒక్క మాటేనని, దాన్ని ఎవరి చేతిలో పెట్టినా మేం పుచ్చుకుని సరేనంటూ వెళ్ళిపోయామని అప్పుడు అర్థమైంది.

ఇంగ్లీషు మాస్టారి కారులో అమలాపురం తీసుకెళ్ళాం. ముందు సీటులో హెడ్మాస్టారు గారు, వెనక ఆయన పక్కన నేను కూర్చున్నాం. దారిలో ఇక నేనేమీ అడగలేదు. అడిగితే ఏం వినిపిస్తుందో తెలుసు.

ఆసుపత్రిలో డాక్టరు కుర్రాడు, కడప వైపు నుంచి వచ్చినతను. స్కాను తీయించి, మెదడులో ఎడమ వైపు రక్తం గడ్డ అడ్డు పడిందని చెప్పాడు. మాట ఉండేది ఆ వైపేనట. గడ్డని కరిగించే ఇంజక్షను ఉందన్నాడు, అయితే మొదలైన కొద్ది గంటల్లోనే ఇవ్వాలట, ఆలస్యంగా ఇస్తే ప్రాణానికే ముప్పట. "ఎప్పుడు మొదలైంది? ఆఖరుసారి మామూలుగా మాట్లాడింది ఎప్పుడు?" అని అడిగాడు.

"ప్రేయరుకి బాగానే ఉన్నారండీ. భావం చెప్తారా అంటే ఆయ్ అన్నారు కదండీ" అన్నారు హెడ్మాస్టారు గారు.

"హాజరు వేసినప్పుడు కూడా ఆయ్ అన్నారండీ" అన్నారు ఇంగ్లీషు మాస్టారు.

డాక్టరుకి ఓపిక పోయింది. "ఆయ్ అంటే ఏందండీ? బాగుందని అర్థమా?" అన్నాడు.

ఒక్కరమూ జవాబు చెప్పలేకపోయాం. పుట్టిన దగ్గర్నుంచీ అంటున్న మాట. ఎమ్మేలూ బీఈడీలూ చదివినవాళ్ళమే అందరం. దాని అర్థం మీద ఒక మనిషి గొంతు ఆధారపడి ఉంది, మాకు అర్థం తెలియలేదు.

ఇంతలో మాస్టారి భార్య ఆటోలో వచ్చారు. ఆవిడని నేను అక్కగారూ అంటాను. డాక్టరు ఆవిణ్ణీ అదే అడిగాడు. అక్కగారు గోడ పట్టుకుని నిలబడి జ్ఞాపకం చేసుకున్నారు.

"రాత్రి చెయ్యి తిమ్మిరెక్కిందన్నారండీ. పడుకుంటే తగ్గుద్దిలే అని పడుకున్నారండీ."

"పొద్దున?"

"పొద్దున లేచేక నేనే అడిగేనండీ. ఈవేళ సెలవు పెట్టేస్తారా అని. ఆయ్ అన్నారండీ. హమ్మయ్య, ఇన్నాళ్ళకి నా మాట విన్నారనుకున్నానండీ. నేను వంటింట్లోంచి వచ్చేసరికి చొక్కా వేసేసుకున్నారండీ. అదేంటండీ, పెట్టేస్తానన్నారు కదా అంటే మళ్ళీ ఆయ్ అన్నారండీ. నా నోరు మూయించడానికి అన్నారనుకుని క్యారేజీ కట్టి ఇచ్చేసేనండీ."

తర్వాత, తనలో తను అనుకున్నట్టు, "బొత్తాలు ఎడం చేత్తో పెట్టుకుంటున్నారండీ" అన్నారు.

డాక్టరు తల అడ్డంగా ఊపాడు. నిద్రలో ఎప్పుడు జరిగిందో తెలియదు, ఇంజక్షనుకి వేళ దాటిపోయింది, కాకినాడ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి అన్నాడు. అంబులెన్సులో అక్కగారు ఎక్కారు. నేను ఆసుపత్రి మెట్ల మీద కూర్చుండిపోయాను. ఇంతమంది మధ్య ఒక మనిషి మాట పోగొట్టుకుని, బడికి వచ్చి, పొద్దుటినుంచి భోజనం వేళ దాకా మా మధ్యే తిరిగాడు. ఎవరికీ కనిపించకుండా కాదు, అందరితో మాట్లాడుతూ తిరిగాడు. ఇది ఎంత తలుచుకున్నా నాకు కొత్తగానే ఉంటుంది. ఒక్కోసారి అన్నం కలుపుతూ గుర్తొచ్చి చెయ్యి ఆగిపోతుంది.

తర్వాతి వారాల్లో స్టాఫ్‌రూములో దీని మీద చాలా చర్చ జరిగింది. జబ్బు చేసినప్పుడు రాకూడదని నేను ఎప్పుడూ చెబుతూనే ఉన్నాను కదా అని నేను అనబోయేలోగా సోషల్ మేడమ్ అంది: "ఇంట్లో పడుకునుంటే మాత్రం ఏం తెలిసేదండీ? నిద్రపోతున్నారనుకునేవారు. బడికొచ్చేరు కాబట్టి మీ కంట పడ్డారు." నిజమే అయ్యుండొచ్చు. కానీ నాకు కోపం మాత్రం తగ్గలేదు. రావడం రాకపోవడం తర్వాత సంగతి. వారం ముందు, తల పగిలిపోతున్నప్పుడు, ఇంకా మాటలన్నీ ఉన్నప్పుడు, ఆయన హెడ్మాస్టారు గారితో అనగలిగిన ఒక మాట ఉంది. నేను నెలకోసారి ఫోనులో అనే మాటే. అది అనడానికి ఆయనకి నామోషీ. అన్ని పద్యాలు నోటికొచ్చిన మనిషికి ఆ మాట ఒక్కటీ నోరు తిరగలేదు.

మొన్న వేసవిలో హెడ్మాస్టారు గారూ నేనూ ఆయన్ని చూడ్డానికి వెళ్ళాం. ఇల్లు అమలాపురం అవతల, బండారులంక వెళ్ళే దారిలో. మాస్టారు వరండాలో వాలుకుర్చీలో ఉన్నారు. చేతికర్రతో నడుస్తున్నారట. కుడి చెయ్యి ఇంకా పూర్తిగా రాలేదు. మాటలు నేర్పే ఆవిడ వారానికోసారి వచ్చి వెళుతుందని, మిగతా రోజుల్లో తనే నేర్పుతున్నానని అక్కగారు చెప్పారు. గ్లాసు చూపించి గ్లాసు అనిపిస్తారట, అరటిపండు చూపించి అరటిపండు అనిపిస్తారట. వింత ఏమిటంటే, చర్చి పాట అక్కగారు ఎత్తుకుంటే ఆయన వెంట పాడతారట, చరణం చరణం స్పష్టంగా. పాట ఆగితే అందులోని ఒక్క మాటా విడిగా రాదట. ఇది చెబుతూ అక్కగారు నవ్వారు. నాకు ఎలా నవ్వాలో తెలియలేదు.

కాఫీలు తాగాం. పరీక్షల్లో పిల్లలకి తెలుగులో మార్కులు బాగా వచ్చాయని హెడ్మాస్టారు గారు చెప్పారు. మాస్టారు తల ఊపారు. ఇక లేవబోతూ హెడ్మాస్టారు గారు, అందరితో అనే అలవాటుకొద్దీ, ఆయన భుజం మీద చెయ్యి వేసి, "బాగానే ఉన్నారు కదండీ మాస్టారూ" అన్నారు.

మళ్ళీ ఆయ్ అంటారని నేను ఎదురుచూశాను. మాస్టారు నోరు తెరిచారు. రాలేదు. పెదవులు కలిపారు, విప్పారు. మెడ నరాలు తేలాయి. అక్కగారు గుమ్మంలో ఆగి, ఎవరూ అందించొద్దన్నట్టు మాకు చెయ్యి చూపించారు.

"బా" అన్నారు మాస్టారు. ఊపిరి తీసుకున్నారు. "బా... లే... దు."

అని హెడ్మాస్టారు గారి మొహంలోకి సూటిగా చూశారు.

"మొన్నట్నుంచే వస్తోందండీ ఆ మాట" అన్నారు అక్కగారు. "ఎవరూ నేర్పలేదండీ. నా పెళ్ళయ్యేక ఈయన నోట ఈ మాట వినడం ఇదే మొదలండీ."

హెడ్మాస్టారు గారి చెయ్యి ఇంకా మాస్టారి భుజం మీదే ఉంది. తియ్యాలో ఉంచాలో తెలియలేదు. చివరికి, "ఆయ్" అన్నారు.